మీకు తెలిసిన రోజే మాకూ తెలియాలి: కార్ల తయారీ కంపెనీలకు బహిరంగ లేఖ

కార్ల తయారీ కంపెనీల యాజమాన్యాలకు, సేఫ్టీ రిపోర్టుల మీద సంతకాలు పెట్టే అధికారులకు,

నమస్కారం.

కారులో లోపం రావడమే నేరమని నేను అనడం లేదు. ఒక్కో కారులో వేల విడిభాగాలుంటాయి, ఎక్కడెక్కడి సప్లయర్ల దగ్గర్నుంచో వస్తాయి. ఎక్కడో ఒకచోట స్ప్రింగు బలం తగ్గుతుంది, వెల్డింగ్ సరిగ్గా పడదు, సాఫ్ట్‌వేర్ లెక్క తప్పుతుంది. మనుషులు చేసే వస్తువు కాబట్టి అది సహజమే. సంగతి బయటపడగానే బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసే కంపెనీ మీద నాకు నమ్మకం పెరుగుతుందే కానీ తగ్గదు. రీకాల్ అని వినగానే 'ఆ కంపెనీ బండి కొనకూడదు' అనేసే వాళ్ళు కొనుగోలుదారుల్లో చాలామంది ఉన్నారు. అది సరికాదు. దానివల్ల నిజం చెప్పిన కంపెనీకే దెబ్బ తగులుతుంది, దాచిన కంపెనీ హాయిగా ఉంటుంది.

నా బాధ వేరు. లోపం ఉందని మీ ఇంజనీర్లకు తెలిసిన రోజుకీ, ఆ సంగతి బండి నడిపే మనిషి చెవిన పడిన రోజుకీ మధ్య గడిచే కాలం గురించి. ఆ కాలమంతా మేం పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతూనే ఉంటాం. ప్రమాదం పొంచి ఉందని మీకు తెలుసు, మాకు తెలియదు. రీకాల్ గురించి నేను అడగదలుచుకున్నవన్నీ ఆ కాలం చుట్టూనే తిరుగుతాయి.

జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం మీ రంగంలో తెలియని వాళ్ళుండరు. ఓనర్లలో మాత్రం చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. తాళం తిప్పి బండి స్టార్ట్ చేశాక దాన్ని 'రన్' దగ్గర కదలకుండా పట్టి ఉంచేది స్విచ్ లోపలుండే చిన్న స్ప్రింగూ, దాని పిన్నూ. ఆ పట్టు ఉండాల్సినంత గట్టిగా లేదు. తాళాల గుత్తి బరువుకో, మోకాలు తగిలో, గతుకుల్లో కుదుపుకో తాళం వెనక్కి జారేది. నడుస్తున్న బండి ఇంజిన్ ఆగిపోయేది. స్టీరింగ్ బిగుసుకుపోయేది, బ్రేకు తొక్కడం కష్టమయ్యేది. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, సరిగ్గా అప్పుడే బండి దేన్నైనా గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. అంటే ప్రమాదానికి కారణమైన లోపమే ప్రమాదం నుంచి కాపాడేదాన్ని కూడా ఆపేసేది.

2005లో కంపెనీ డీలర్లకు ఒక సర్వీస్ బులెటిన్ పంపింది. తాళాల గుత్తికి అనవసరమైనవి తగిలించుకోవద్దని కస్టమర్లకు చెప్పమని దాని సారాంశం. 2006లో స్విచ్ డిజైన్ మార్చారు, కొత్త స్విచ్‌లో పిన్ను కాస్త పొడుగు పెట్టారు. కానీ పార్ట్ నంబర్ మార్చలేదు. పాత స్విచ్‌కీ కొత్త స్విచ్‌కీ ఒకటే నంబర్. బయటి నుంచి చూసేవాడికి అసలు మార్పే జరగనట్టు. రీకాల్ వచ్చింది 2014లో. తర్వాత పెట్టిన పరిహార నిధి 124 మరణాలను ఆ లోపం ఖాతాలోకి తీసుకుంది. 2015లో అమెరికా ప్రభుత్వంతో రాజీ కింద కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టింది.

సంగతి ఎలా బయటపడిందో చూడండి. 2010లో కారు ప్రమాదంలో కూతుర్ని పోగొట్టుకున్న ఒక కుటుంబం కోర్టుకెక్కింది. వాళ్ళ లాయర్ పెట్టుకున్న ఇంజనీరు పాత స్విచ్‌నీ తర్వాత తయారైన స్విచ్‌నీ విప్పి పక్కపక్కన పెట్టి కొలిస్తే తేడా కనబడింది. అంత పెద్ద కంపెనీ తన ఫైళ్ళలో తేల్చుకోలేకపోయిన విషయాన్ని, లేదా తేల్చుకోదలుచుకోని విషయాన్ని, ఒక ఇంజనీరు టేబుల్ మీద తేల్చేశాడు. కేసు వేస్తే ఏం ఒరుగుతుంది, పోయినవాళ్ళు తిరిగొస్తారా అని బాధితులకు సలహా ఇచ్చేవాళ్ళు ఈ ఒక్క కేసు గురించి చదవాలి. ఆ తల్లిదండ్రులు ఊరుకుని ఉంటే ఇంకెంతమంది అదే తాళం తిప్పుతూ ఉండేవాళ్ళో.

అమెరికా చట్టంలో సేఫ్టీ లోపం ఉందని కంపెనీ నిర్ధారించుకున్న తర్వాత 5 పని దినాల్లో ప్రభుత్వానికి తెలియజేయాలని ఉంది. చదవడానికి కట్టుదిట్టంగానే ఉంటుంది. కానీ నిర్ధారణ అనే మెట్టు ఎక్కకుండా కమిటీ మీద కమిటీ వేసుకుంటూ పోతే ఆ 5 రోజుల లెక్క మొదలే కాదు. చట్టం వెయ్యలేని ముడి అక్కడుంది. దాన్ని వెయ్యగలిగింది మీరే. ఒక భాగం విరిగితే బండి అదుపు తప్పుతుందని ఒక్క ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పిన రోజునుంచే లెక్క మొదలు కావాలని మీ కంపెనీ నిబంధనల్లో రాసుకోండి. ఎన్ని బండ్లలో ఉంది, ఎవరి తప్పు, ఎంత ఖర్చు అనేవి తర్వాత తేల్చుకోవచ్చు.

ఇక జపాన్ కంపెనీ తకాటా చేసిన ఎయిర్‌బ్యాగులు. ఆ లోపం పనిచేసే తీరు తెలిస్తే రీకాల్‌కి వయసు పరిమితి పెట్టడం ఎంత అన్యాయమో అర్థమవుతుంది. స్టీరింగ్ మధ్యలో ఇన్‌ఫ్లేటర్ అనే చిన్న లోహపు డబ్బా ఉంటుంది. అందులో రసాయనాన్ని బిళ్ళలుగా నొక్కి పెడతారు. గుద్దుకున్న క్షణంలో అవి మండి, పుట్టిన గ్యాసు సంచిని రెప్పపాటులో ఉబ్బిస్తుంది. తకాటా వాడింది అమ్మోనియం నైట్రేట్. దానికి తేమ పడదు. పగలు ఎండకు కాగి, రాత్రి చల్లబడి, మళ్ళీ కాగి, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తేమ చేరుతుంటే ఆ బిళ్ళలు గుల్లబారిపోతాయి. గట్టి బిళ్ళ పైనుంచి లోపలికి ఒక పద్ధతిలో మండుతుంది. గుల్లబారింది ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ ఒత్తిడికి డబ్బా పగిలి, ఇనప ముక్కలు సంచిని చీల్చుకుని నడిపే మనిషి మెడకీ ముఖానికీ తగులుతాయి. బంపర్ సొట్టపోయి అంతటితో పోవాల్సిన చిన్న ప్రమాదాల్లో మనుషులు చనిపోయారు.

అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు, ప్రపంచమంతా కలిపి సుమారు 10 కోట్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. పరీక్షల ఫలితాలు మార్చి కార్ల కంపెనీలకు ఇచ్చినందుకు తకాటా 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుంది. వంద కోట్ల డాలర్ల జరిమానాకీ పరిహారానికీ ఒప్పుకుని, అదే ఏడాది దివాలా తీసింది. వేరే రకానివి తగినన్ని దొరక్క కొన్ని బండ్లలో అదే కంపెనీ తాజా ఇన్‌ఫ్లేటర్లు పెట్టి, కొన్నేళ్ళకు మళ్ళీ పిలిచి మార్చారు. ఆ మధ్యలో ఓనర్లు నా కారు పని అయిపోయిందనుకుని నిశ్చింతగా ఉన్నారు.

ఈ లోపం బండి పాతబడే కొద్దీ ముదురుతుంది. బండి పాతబడే కొద్దీ చేతులు మారుతుంది. కొత్త కారు కొనే స్తోమత ఉన్నవాడి దగ్గర్నుంచి, పదేళ్ళ బండి తప్ప కొనలేని వాడి దగ్గరికి వస్తుంది. అంటే ప్రమాదం బాగా పెరిగిన వేళకు ఆ స్టీరింగ్ వెనక కూర్చునేది మీ రికార్డుల్లో పేరు లేని మనిషి. మీ రీకాల్ ఉత్తరం అందనిదీ అతనికే. ఉచిత రిపేరుకి అమెరికా చట్టం 15 ఏళ్ళ గడువు పెట్టింది. భారతదేశంలో ప్రభుత్వం నిర్బంధంగా రీకాల్ చేయించే నిబంధనలు 7 ఏళ్ళ లోపు బండ్లకే. అరిగిపోయే బ్రేకు ప్యాడ్‌కి వయసు లెక్క ఉంటే అర్థముంది. మొదటి రోజునుంచీ లోపల కూర్చున్న తప్పుకి వయసేమిటి? చట్టం 15 అన్నా 7 అన్నా, ప్రాణం మీదికి తెచ్చే లోపాన్ని బండి రోడ్డు మీద ఉన్నంతకాలం ఉచితంగా సరిచేస్తామని మీరు చెప్పుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

నా కారు కూడా సెకండ్ హ్యాండ్‌దే. దానికి స్టీరింగ్ రీకాల్ ఉందన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. ఉత్తరం మొదటి ఓనర్ పాత అడ్రస్‌కి వెళ్ళింది, ఆయన ఎప్పుడో ఇల్లు మారారు. వేరే పని మీద కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొడితే 'రీకాల్ పెండింగ్' అని వచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, మా రికార్డులో ఆ బండి వేరే పేరు మీదుంది సార్, ఆయనతో ఫోన్ చేయించండి అన్నారు. రిజిస్ట్రేషన్ నా పేరు మీదుంది. ఇన్సూరెన్స్ నా పేరు మీదుంది. సర్వీసింగ్ ఆ కంపెనీ అధీకృత సెంటర్‌లోనే చేయిస్తున్నాను, బిల్లు నా పేరుతోనే ఇస్తున్నారు. సర్వీస్ టైమ్ అయిందని మెసేజ్ నా ఫోన్‌కే వస్తుంది. ఇన్సూరెన్స్ రెన్యువల్ చేసుకోమని, కొత్త మోడల్ టెస్ట్ డ్రైవ్‌కి రమ్మని ఫోన్లు నాకే వస్తాయి. అమ్మకానికి దొరికే నంబర్ ప్రమాదం చెప్పడానికి ఎందుకు దొరకదు? స్టీరింగ్ ఎప్పుడు బిగుసుకుపోతుందో తెలియని కారులో ఇంటిల్లిపాదినీ తిప్పానని తెలిశాక పట్టిన టెన్షన్ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తలుచుకుంటే ఓనర్‌ని పట్టుకోవడం సాధ్యమేనని కొన్ని దేశాలు చూపించాయి. ఆస్ట్రేలియా 2018లో తకాటా ఎయిర్‌బ్యాగులకు నిర్బంధ రీకాల్ పెట్టింది, 2020 చివరికల్లా మార్చి తీరాలని గడువు విధించింది. మార్చని బండ్ల రిజిస్ట్రేషన్ ఆపే దాకా రాష్ట్రాలు వెళ్ళాయి. జపాన్‌లో ప్రమాదకరమైన ఇన్‌ఫ్లేటర్ మార్చని కారుని 2018 నుంచి తప్పనిసరి తనిఖీలో పాస్ చేయడం మానేశారు. ఈ పద్ధతి ఓనర్‌కి కాస్త కఠినమే, కానీ నాకు నచ్చింది. ఉత్తరం చెత్తబుట్టలో పడినా తనిఖీ దగ్గర బండి ఆగుతుంది, అప్పుడు ఎవరి పేరు మీదున్నా నడిపేవాడికి సంగతి తెలుస్తుంది. అద్దె కార్ల విషయంలో అమెరికా 2015లో చట్టం చేసింది, రీకాల్ పెండింగ్‌లో ఉన్న కారుని పెద్ద అద్దె సంస్థలు అద్దెకివ్వకూడదు. ఆ చట్టం వెనక 2004లో చనిపోయిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ తల్లి పోరాటం ఉంది. వాళ్ళకు అద్దెకిచ్చిన కారుకి అప్పటికే రీకాల్ ఉంది, రిపేరు మాత్రం చేయించలేదు. విచిత్రమేమిటంటే, అదే దేశంలో అలాంటి పాత కారుని డీలర్ అమ్మకుండా ఆపే కేంద్ర చట్టం లేదు. అద్దెకివ్వడం తప్పయితే అమ్మడం ఎలా ఒప్పు? మీ పేరు మీద నడిచే పాత కార్ల షోరూముల్లో అయినా, రీకాల్ పని పూర్తికాని బండి తాళం కొనేవాడి చేతికి ఇవ్వకండి.

మీ సర్వీస్ సెంటర్లలో జరిగేది కూడా చెప్పాలి. ఓనర్ వెళ్ళి, 'మలుపు తిప్పుతుంటే స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది, బండి డివైడర్ మీదికి పోబోయింది' అని చెబుతాడు. సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డ్‌లో టైప్ చేసేది 'స్టీరింగ్ చెక్' అని రెండు ముక్కలు. సాయంత్రం బిల్లు మీద 'టెస్ట్ డ్రైవ్ చేశాం, సమస్య కనబడలేదు' అని వస్తుంది. బిగుసుకుపోయిందన్న మాట ఏ కాగితంలోనూ మిగలదు. నెల తిరక్కుండా మళ్ళీ అదే, మళ్ళీ 'చెక్'. అడ్వైజర్‌ని అని లాభం లేదు, అతనికి రోజుకి ఇన్ని బండ్లు పంపాలని టార్గెట్ ఉంటుంది. కానీ దాని ఫలితం రెండు చోట్ల పడుతుంది. దేశమంతా ఇలాంటి వంద ఫిర్యాదులు 'చెక్' కింద కలిసిపోతే, ఇది ఒక్క బండి సమస్య కాదని మీ ఆఫీసులో ఎవరికీ తట్టదు. రేపు ఓనర్ కోర్టుకి వెళ్తే మీ లాయర్ అవే జాబ్ కార్డులు చూపించి, ఇలాంటి ఫిర్యాదు ఎప్పుడూ రాలేదని వాదిస్తాడు. కాబట్టి ఓనర్ చెప్పింది ఓనర్ మాటల్లోనే రాయించండి. రాసింది చదివి వినిపించి కాపీ ఇవ్వండి.

కంపెనీ అంతా కలిసి ఫిర్యాదులు దాచితే ఏమవుతుందో జపాన్ చూసింది. ఇరవై ఏళ్ళకు పైగా కస్టమర్ల ఫిర్యాదులు ప్రభుత్వానికి చూపకుండా దాచామని 2000లో మిత్సుబిషి మోటార్స్ ఒప్పుకుంది. చేతులు కాలాకైనా మారతారనుకుంటాం కదా. 2002 జనవరిలో యొకోహామాలో ఆ కంపెనీ లారీ ముందు చక్రం ఊడి దొర్లి, పిల్లలతో నడిచి వెళ్తున్న ఒక తల్లిని బలి తీసుకుంది. మెయింటెనెన్స్ సరిగ్గా చేయలేదని నెపం లారీ ఓనర్ మీదికి నెట్టారు. చక్రాన్ని పట్టి ఉంచే హబ్‌లోనే లోపముందని ఒప్పుకోవడానికి 2004 దాకా పట్టింది.

మెయింటెనెన్స్ సరిగ్గా లేదు, డ్రైవింగ్ తప్పు, ఆ కోణంలో గుద్దితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. ఇవి మీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబులు. కొన్నిసార్లు నిజం కూడా కావచ్చు. కానీ దాన్ని రుజువు చేయాల్సింది ఎవరు? హ్యుందాయ్ కారు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో 2022 ఏప్రిల్‌లో భారత సుప్రీంకోర్టు దీనికి తేలిగ్గా అర్థమయ్యే సమాధానం చెప్పింది. వేగం ఎంత, తాకిడి బలం ఎంత అని లెక్కగట్టడానికి కొనుగోలుదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని ఆ తీర్పు సారాంశం. ఓనర్‌కి పరిహారంతో పాటు బండి మార్చి ఇవ్వాలన్న వినియోగదారుల కమిషన్ ఆదేశాన్ని కోర్టు సమర్థించింది.

ఇక సప్లయర్ మీదికి తోసేయడం. ఆ భాగం మేం చేసింది కాదు, బయట కొన్నది అంటారు. ఈ వాదన వయసు వందేళ్ళు దాటింది. 1916లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం బ్యూక్ కారు కేసులో తీర్పిచ్చింది. చెక్క చక్రం ఆకులు విరిగి కారు కూలబడి ఓనర్‌కి గాయాలయ్యాయి. చక్రం వేరే కంపెనీ చేసింది, కారు అమ్మింది డీలర్, మాకూ ఈయనకూ ఒప్పందమే లేదు అని బ్యూక్ వాదించింది. జడ్జి కార్డోజో ఒప్పుకోలేదు. పూర్తయిన కారుని మార్కెట్‌లోకి వదిలిన తయారీదారు దాని భాగాలు పరీక్షించి తీరాలన్నారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఒకరి మీదొకరు చెప్పుకుంటుంటే ఓనర్ ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? బ్యాడ్జి మీ పేరుది, బాధ్యత మీది. సప్లయర్ దగ్గర మీ డబ్బు మీరు రాబట్టుకోండి.

ఒకే బండిని పది దేశాల్లో అమ్ముతారు. ఒక దేశంలో రీకాల్ పెట్టి, ఇంకో దేశంలో అదే భాగం ఉన్నా 'ఇక్కడి బండ్లకు వర్తించదు' అంటారు. ఫైర్‌స్టోన్ టైర్లు విడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు తిరగబడిన రోజుల్లో జరిగిందిదే. 1999లోనే సౌదీ అరేబియాలో టైర్లు మార్చడం మొదలైంది, అమెరికాలో రీకాల్ 2000లో వచ్చింది. అందుకే ఆ ఏడాదే అక్కడ చట్టం తెచ్చి, విదేశాల్లో చేసిన రీకాల్‌లు కూడా చెప్పాలని, ఫిర్యాదుల సమాచారం ముందుగానే ఇవ్వాలని కట్టడి చేశారు. చట్టం ఒత్తిడి లేని దేశంలో కూడా మీరు ఇదే పాటించాలి. భాగం ఒకటే అయితే తేదీ కూడా ఒకటే.

మీకు ఇంకో సంగతి కూడా తెలియాలి. ఓనర్లకు ఇప్పుడిప్పుడే తమ హక్కులు అర్థమవుతున్నాయి. రీకాల్ వేరు, లోపమున్న బండికి పరిహారం అడగడం వేరు. రీకాల్‌లో మీరు భాగం మార్చి పంపించినంత మాత్రాన, అప్పటికే జరిగిన గాయానికో నష్టానికో పరిహారం అడిగే హక్కు పోదు. (ఓనర్లకు ఒక మాట: ఉత్తరం అందాక కూడా రిపేరు చేయించకుండా తిరిగితే, రేపు కేసులో అది మీకే అడ్డొస్తుంది.) మాటిమాటికీ అదే రిపేరు వచ్చే కొత్త కారు విషయంలో అమెరికా రాష్ట్రాల్లో 'లెమన్' చట్టాలున్నాయి, మొదటిది 1982లో కనెక్టికట్‌ది. తగినన్ని అవకాశాలిచ్చినా బాగుచేయలేకపోతే కారు మార్చాలి లేదా డబ్బు తిరిగివ్వాలి. బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని 30 రోజుల్లోపు తిరిగిచ్చేసి డబ్బు తీసుకోవచ్చు. 6 నెలల్లోపు బయటపడ్డ లోపం అమ్మేనాటికే ఉన్నట్టు లెక్క, కాదని రుజువు చేసుకోవాల్సింది అమ్మినవాళ్ళు. ఆస్ట్రేలియాలో లోపం పెద్దదైతే డబ్బు కావాలో కొత్త బండి కావాలో ఎంచుకునేది కొన్నవాడు. యూరప్ 2024లో తెచ్చిన కొత్త నిబంధనల్లో సాఫ్ట్‌వేర్ కూడా వస్తువే, అందులో లోపానికీ తయారీదారే బాధ్యుడు.

భారతదేశంలో 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఎ సెక్షన్ చేర్చారు. ప్రభుత్వమే రీకాల్‌కి ఆదేశించవచ్చు. కంపెనీ బండి ఖరీదు తిరిగివ్వాలనో, బండి మార్చివ్వాలనో, లోపం సరిచేయాలనో చెప్పవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో నిర్బంధ రీకాల్‌కి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. మీ స్థాయి కంపెనీలకు అది పెద్ద మొత్తం కాదు, నా ఉద్దేశంలో పెంచాలి. ఓనర్‌కి ఎక్కువ పనికొచ్చేది అదే ఏడాది, అంటే 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం. తయారీ లోపానికి పరిహారం అడగడానికి అందులో ప్రత్యేక అధ్యాయమే ఉంది. తను ఉండే ఊళ్ళోనే, లాయర్ లేకపోయినా, ఆన్‌లైన్‌లో కూడా కేసు వేయవచ్చు. ఒకే లోపంతో బాధపడే ఓనర్లు వినియోగదారుల కమిషన్ అనుమతి తీసుకుని అందరి తరఫునా ఒకే ఫిర్యాదు పెట్టవచ్చు. బండిని నిపుణుల పరీక్షకు పంపమని కమిషన్‌ని కోరవచ్చు. గడువు 2 ఏళ్ళు. సర్వీస్ సెంటర్ 'చూద్దాం సార్' అంటూ తిప్పినంతకాలం ఆ గడువు కరిగిపోతూనే ఉంటుందని ఓనర్లు గుర్తుపెట్టుకోవాలి.

మేం ఇక కాగితం లేకుండా మాట్లాడం. జాబ్ కార్డ్ కాపీ అడిగి తీసుకుంటాం. ఫోన్‌లో చెప్పిందే ఈమెయిల్‌లో కూడా రాస్తాం. మార్చిన పాత భాగాన్ని మాకివ్వమంటాం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు తీసుకెళ్ళి తుక్కుకి వేయకముందే బండిని అలాగే ఉంచమని రాతపూర్వకంగా అడుగుతాం. అందులో రికార్డయిన వేగం, బ్రేకు సమాచారం మా సమక్షంలో తీయాలంటాం. ఇవన్నీ శత్రుత్వంతో చేసేవి కావు. నిజం తేలాలంటే సాక్ష్యం ఉండాలి, ఇంతకాలం ఆ సాక్ష్యమంతా మీ దగ్గరే ఉంటూ వచ్చింది.

రాజీల గురించి కూడా ఒక మాట. కోర్టు బయట డబ్బిచ్చి, బయటికి చెప్పకూడదని బాధితుడితో సంతకం పెట్టిస్తారు. ఇచ్చిన మొత్తం రహస్యంగా ఉంచుకోండి, అభ్యంతరం లేదు. లోపాన్ని రహస్యంగా ఉంచడానికి మాత్రం వీల్లేదు. అదే బండి నడిపే మిగతా లక్షమంది ఆ ఒప్పందంలో సంతకం పెట్టలేదు.

చివరగా మీరు పంపే ఉత్తరం. 'కొన్ని పరిస్థితుల్లో స్టీరింగ్ సహాయ వ్యవస్థ పనితీరు ప్రభావితం కావచ్చు, ముందు జాగ్రత్తగా తనిఖీకి విచ్చేయగలరు' అని రాస్తే ఎవరు కదులుతారు? వాటర్ వాష్ ఆఫర్ అనుకుని పక్కన పడేస్తారు. 'నడుస్తుండగా స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. బండి మలుపు తిరగదు. బాగుచేసే దాకా నడపకండి' అని రాయండి. ఓనర్ చదవగలిగే భాషలో, మొదటి వాక్యంలోనే రాయండి. నడపొద్దంటే ఆ రోజులకు వేరే బండి ఇవ్వండి. సామాను రావడానికి నెలలు పడుతుందంటే ఆ సంగతీ దాచకండి. ఇంటర్నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ పంపి సరిచేసినప్పుడు దాన్ని 'పనితీరు మెరుగుదల' కింద కలిపేయకండి, ఏ లోపం సరిచేశారో చెప్పండి.

ఆ ఉత్తరంలో ఇంకొకటి కూడా చేర్చమని అడుగుతున్నాను. అమెరికాలో మీరు ప్రభుత్వానికిచ్చే రీకాల్ రిపోర్టులో ఏ తేదీన ఏం తెలిసిందో వరసగా రాయాలని నిబంధన ఉంది, మీరు రాస్తున్నారు కూడా. అదే ఓనర్‌కి పంపే ఉత్తరంలో, అన్ని దేశాల్లోనూ రాయండి. ఈ లోపం గురించి మొదటి ఫిర్యాదు ఏ తేదీన అందింది, రీకాల్ ఏ తేదీన ప్రకటించారు, ఆ రెండూ పక్కపక్కనే అచ్చువేయండి. ఇది కొత్తగా సేకరించాల్సిన సమాచారం కాదు, మీ ఫైళ్ళలో ఉన్నదే. ఏ కంపెనీ మొదట అలా అచ్చువేస్తుందో మాకు తెలియజేయండి.

ఇట్లు,
రెండో ఓనర్‌గా రీకాల్ ఉత్తరం అందని ఒక కారు యజమాని